ఇల్లు మారువారి లెక్కలు

నేడు నేను చెప్పబూనిన విషయము చాల సామాన్యమైనది. ఒక యిల్లు విడిచి మరియొక యింటికి పోవునప్పుడు మన చేతి సొమ్ము ఏ దారిని పోవుచున్నది, దానిని ఏ చోట ఆపవచ్చును అనునదే నేటి ముచ్చట. కావ్యమునో వ్యాకరణమునో చెప్పవలసిన పండితుడు బండి కిరాయి మాటలు చెప్పుచున్నాడేమని మీలో కొందరు నవ్వుకొందురు. ముప్పది నాలుగేండ్లు బడిలో తెలుగు చెప్పితిని గాని, ఇల్లు మారుట యను పాఠమును ఏబది యెనిమిదవ యేట తప్పులు చేసి నేర్చుకొంటిని. ఆ తప్పులకు నేను చెల్లించిన రుసుము మీరును చెల్లింపకుండుటకే యీ మాటలు.

ఇది పట్టణవాసుల గొడవ, మనకెందుకు అనవలదు. మీ పిల్లలు చదువునకో కొలువునకో పట్నము చేరి అద్దెయింట దిగునప్పుడు అడ్వాన్సు సొమ్ము ఎక్కడనుండి వచ్చుచున్నది? వడ్లు కొలిచిన సొమ్మునుండి, పత్తి తూచిన సొమ్మునుండి, మీ పెట్టెలోనుండి వచ్చుచున్నది. కొన్నాళ్లకు మీకును వయస్సు మీరి, ఊరి యింటికి తాళము వేసి పిల్లలయొద్దకు పోవలసిన దినము రావచ్చును. అప్పుడు సామాను సర్దువారు మీరే, డబ్బు లెక్క పెట్టువారును మీరే.

నేనుండునది సికిందరాబాదునందలి బౌద్ధనగర్. ఒక ప్రక్క వారాసిగూడ, పార్శిగుట్ట. మరియొక ప్రక్క సీతాఫలమండి. ఆవల ఉస్మానియా విశ్వవిద్యాలయము, తార్నాక. గుట్ట యను పేరే చెప్పుచున్నట్లు నేల ఎగుడుదిగుడుగ నుండును. సందులు సన్నము. చిన్న స్థలములలో మూడేసి నాలుగేసి అంతస్తులు లేచినవి గావున మెట్లును సన్నమే. విశ్వవిద్యాలయమునకును రైలుకును దగ్గర యగుటచే విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదువువారు, చిన్న యుద్యోగులు ఇచట ఎక్కువగ దిగుదురు. ఏ వీధిలోనికి పోయినను ఏదో యొక గేటుకు టులెట్ పలక వ్రేలాడుచునే యుండును. ఇల్లు మారుటను చూచి నేర్చుకొనదలచినవారికి ఇంతకంటె మంచి బడి లేదు.

విశ్వవిద్యాలయము సయితము ఇల్లు మారినదే. 1918లో స్థాపితమై, 1919లో గన్ ఫౌండ్రీ ప్రాంతమునందలి భవనములలో పాఠములు మొదలుపెట్టెను. ఇప్పుడు మనము చూచు ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాది పడగా 1939 డిసెంబరులో దాని ప్రారంభోత్సవము జరిగెను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థయు ఇట్టిదే. 1918లో నీలగిరులందలి కూనూరులో చిన్న పరిశోధనశాలగ పుట్టి, 1958లో మూటాముల్లెతో హైదరాబాదు చేరినది. సంస్థలు కదలునప్పుడు ఎవడో యొక గుమాస్తా కాగితము పట్టుకొని, ఏది పోవలెను, ఏది పోనక్కరలేదు అని జాబితా వ్రాయును. గృహస్థులమైన మనము మాత్రము వ్రాయము. అక్కడనే మన నష్టము మొదలగుచున్నది.

ఇక నా లెక్క వినుడు. 2019 జూను నెలాఖరున నేను ఉద్యోగవిరమణ చేసితిని. అప్పటివరకు జనగామలో అద్దెకుంటిమి. మా కుమారుడు సికిందరాబాదున పనిచేయుచుండెను గావున అందరము ఒకచోట నుండవలెనని బౌద్ధనగరులో రెండవ అంతస్తున నెలకు 9,000 రూపాయల యిల్లు కుదుర్చుకొంటిమి. అడ్వాన్సు రెండు నెలలది, 18,000. అది తిరిగి రావలసిన సొమ్ము గావున ప్రక్కన పెట్టుదము. తిరిగి రాని ఖర్చు ఇది: దళారికి సగము నెల అద్దె 4,500, ఖాళీ యింటికి చెల్లించిన నెల అద్దె 9,000, బండికి 6,500, హమాలీలకు రెండుచోట్ల కలిపి 4,000, ఒక మంచమును విప్పి మరల బిగించిన వడ్రంగికి 1,800. మొత్తము 25,800 రూపాయలు.

ఈ పట్టికలో బండివాని సొమ్ము నాలుగవ పాలు మాత్రమే. అయినను నేను ఒక పూటంతయు బేరమాడినది ఆ బండివానితోనే. అయిదువందలు తగ్గించితినని ఇంటికివచ్చి గొప్పగ చెప్పుకొంటిని. ఖాళీ యింటికి పోయిన 9,000 రూపాయల మాట ఆనాడు నాకు తోచనే లేదు. కంటికి కనబడు ఖర్చుతో పోట్లాడుదుము, కనబడనిదానికి తలుపు తెరచియుంచుదుము.

ఆ తొమ్మిదివేలు ఎట్లు పోయెనో చెప్పెదను. జూలై మొదటి తేదీనుండి అద్దె లెక్క. కాని ఆ యేడు జూలై 3వ తేదీన ఆషాఢము ప్రవేశించెను. మా అక్కయ్య ఊరినుండి ఫోను చేసి, “తమ్మీ, ఆషాఢంల సామాను కదిలిస్తరా? నేను ఒప్పుకోను” అనెను. ఇంటిలో పెద్దది, కాదనలేకపోతిని. శ్రావణము వచ్చువరకు జనగామలో నొక అద్దె, ఇక్కడ తాళము వేసిన యింటికి నొక అద్దె చెల్లించితిని.

ఇప్పుడు పండితునిగ నొక మాట చెప్పుదును, పెద్దలు కోపగింపవలదు. గృహప్రవేశము మూడు విధములని శాస్త్రము చెప్పుచున్నది. క్రొత్తగ కట్టిన సొంత యింట ప్రవేశించుట అపూర్వము. దూరయాత్ర చేసి మరలివచ్చి ప్రవేశించుట సపూర్వము. నిప్పుచేతనో నీటిచేతనో చెడిన యింటిని బాగుచేసికొని ప్రవేశించుట ద్వంద్వము. మాసమును, మూఢమును గూర్చిన గట్టి నియమములన్నియు ముఖ్యముగ మొదటిదానికి చెందినవి. పదునొకండు నెలలకొకసారి మారు పట్టణపు అద్దెయిల్లు ఆ గ్రంథకర్తల యెదుట లేదు. ఇట్టి యింటికి మంచి తిథి, మంచి వారము చూచి, దీపము పెట్టి, పాలు పొంగించుకొన్న చాలునని నా అభిప్రాయము. పైగా సికిందరాబాదున లష్కరు బోనములు జరుగునది ఆషాఢముననే. అమ్మవారికి బోనమెత్తు మాసమున మనము బిందె యెత్తుకొని ప్రక్కవీధికి పోరాదా? ఇంటిలో పెద్దలు ఒప్పుకొననిచో వారిని నొప్పింపవలదు. అట్టప్పుడు ముందు ముహూర్తము, తరువాత ఇల్లు. మనము దిగు తేదీ నిశ్చయించుకొని, ఆ తేదీనుండియే అద్దె లెక్కయని యజమానితో మాట చేసికొన్న పిమ్మటనే అడ్వాన్సు చేతిలో పెట్టవలెను. నేను ఈ వరుసను తలక్రిందులు చేసితిని.

ఇక మంచము. అది మా తాతగారు చేయించిన టేకు పందిరిమంచము. దానిని విడిచివచ్చుటకు మాకు మనసొప్పలేదు. బండి వచ్చి వీధి మొదట నిలిచినది, సందులోనికి రాలేదు. అక్కడనుండి మోసికొని వచ్చిన హమాలీ మెట్లను ఒకసారి, మంచమును ఒకసారి చూచి, “సారూ, గీ మంచం గీ మెట్లకెల్లి పోదు” అనెను. చీకటి పడుచుండెను. మా యింటి ఆమె వీధిలో సామానులకు కావలి కూర్చుండెను. వడ్రంగిని వెదకి తెచ్చి విప్పించి పైకెక్కించి బిగించగా, గదిలో నడచుటకు చోటు లేకపోయెను. మరునాడే స్తంభములు, పందిరి విప్పి మెట్లక్రింద పెట్టితిమి. జనగామలో బయలుదేరకముందు ఒక దారము ముక్క తీసికొని మంచము కొలత, మెట్ల కొలత, గది కొలత చూచియుండిన ఈ గొడవ లేదు. పట్నమున ఇల్లు చూడబోవువారు జేబులో కొలతటేపు పెట్టుకొనుడు. ద్వారము, మెట్ల మలుపు, పడకగది, ఈ మూడు కొలతలు చాలును. బీరువాను పై అంతస్తునకు చేర్చుటకు మోకులు కట్టి బయటనుండి లాగవలసివచ్చినచో హమాలీలు వేరుగ అడుగుదురు. అడుగుట న్యాయమే, ప్రాణముతో పని.

రోలు, ఇసుర్రాయి, కాగులు, గుండిగలు, ధాన్యపు గుమ్ములు పట్నపు వంటింటిలో ఇమిడెడివి కావు. ఇమిడిన పాత్రలను ఖాళీగ పంపక లోపల బట్టలు, పప్పు మూటలు కూరవలెను. గాజుసామానుకు పాతచీరలకంటె మంచి చుట్ట లేదు. అట్టపెట్టెలు కొననక్కరలేదు, కిరాణా దుకాణమువారు ఊరకయే యిత్తురు.

బండి సంగతి. మన ప్రాంతమున సామాను మోయు మధ్యతరగతి లారీని డీసీఎం అందురు. ఈ పేరు ఒక బట్టల మిల్లుది! ఢిల్లీ క్లాత్ మిల్లుల సంస్థ 1980 దశకమున జపానువారి టయోటాతో కలిసి చిన్నలారీలు చేసినది. ఆ కూటమి పోయినది, పేరు నిలిచినది. ఇప్పుడు ఏ కంపెనీ బండినైనను డీసీఎం అనుచున్నారు. బండికి కిరాయి ప్రయాణమునకే గాని బరువునకు కాదు. కావున సగము నిండిన పెద్దబండియు నష్టమే, రెండుసార్లు తిరిగిన చిన్నబండియు నష్టమే. సామాను జాబితా వ్రాసి బండివానికి ముందే వినిపించినచో ఏ బండి చాలునో అతడే చెప్పును. పట్నమునుండి సరకు తెచ్చి దించి ఖాళీగ మరలు బండి దొరికినచో కిరాయి చాల తగ్గును. అట్టి బండ్ల జాడ మీ మండలములోని కిరాణా వర్తకులకు, ఎరువుల దుకాణములవారికి తెలియును. నెల మొదటి దినములు, ఆదివారములు అందరును కోరునవి గావున ప్రియము. ఒకటి రెండు మూటలే అయినచో బండి యెందులకు? ఆర్టీసీవారు 2020నుండి పార్సెల్ సరకులను చేరవేయుచున్నారు.

దళారి యిచట నెల అద్దెయో, అందులో సగమో తీసికొనును. అతడు చేయు పని మనకు తెలియని వీధిలో టులెట్ పలకలను చూపుట. ఒకపూట ఓపిక చేసికొని వీధివీధి తిరిగినచో, పాలవానిని, ఇస్త్రీబండివానిని, మూల దుకాణమువానిని అడిగినచో ఆ పలకలు మనకును కనబడును. పైగా వారు ఆ యింటి నీటి సంగతి, యజమాని స్వభావము కూడ చెప్పుదురు, దళారి చెప్పడు. ఫోనులో బొమ్మలు చూచి, ఇల్లు చూడకయే డబ్బు పంపుమన్నవానికి ఒక్క రూపాయి పంపవలదు.

అడ్వాన్సు విషయమున నేను పొందిన దెబ్బ 2024లో తెలిసినది. ఆ యిల్లు విడుచునప్పుడు యజమాని, పేరు చెప్పను, 18,000లో 7,000 రూపాయలు గోడల రంగులకని పట్టుకొని 11,000 చేతిలో పెట్టెను. నేను దిగిన దినమున గోడలు ఎట్లుండెనో నాకు గుర్తున్నది గాని, ఋజువు లేదు. పత్రములో రంగుల మాట లేదు. ఆయనతో వాదించితిని, వాదమువలన గొంతు పోయినది గాని సొమ్ము రాలేదు. నాటినుండి నేను అందరికిని చెప్పునది ఇది. తాళము తీసికొన్న దినముననే, సామాను దిగకముందే, ప్రతి గోడను, కుళాయిని, కిటికీని, కరెంటు మీటరులోని అంకెలను ఫోనుతో ఫొటో తీసి అప్పుడే యజమానికి పంపుడు. అద్దె యెంత, ఏ తేదీనుండి, యేటికి ఎంత పెంచుట, విడుచుటకు ఎన్నిదినముల ముందు చెప్పుట, రంగులకు పట్టుకొనునది ఎంత అనునవి పత్రములో అంకెలతో వ్రాయింపుడు. కేంద్రప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని చెప్పుచున్నది. నమూనా యనగా రాష్ట్రము స్వీకరించిననే శాసనమగును. అయినను మూడు నాలుగు నెలలది అడుగువానితో బేరమాడుటకు అది మంచి మాట.

కరెంటు, నీరు: ఇవి నెలనెల కారు చిల్లులు. యూనిట్లు పెరిగినకొలది యూనిటు ధర పెరుగునట్లు విద్యుత్తు రేట్లు ఏర్పరచియున్నారు. కావున రెండు కుటుంబములకు ఒకే మీటరున్నచో ఇద్దరి వాడుకయు కలిసి పై మెట్టు రేటు పడును. వేరు మీటరు గల యింటికి నెలకు నూరు రూపాయలు ఎక్కువిచ్చినను తుదకు లాభమే కావచ్చును. తెలంగాణమున 2024 మార్చినుండి రేషన్ కార్డుగల అర్హ కుటుంబములకు నెలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. అద్దెకుండువారికిని ఇది వర్తించును. ఇల్లు మారినవారు క్రొత్త యింటి సర్వీసు నంబరును తమ కార్డుతో జోడింపించుకొననిచో ఆ లాభము పాత యింటనే నిలిచిపోవును. బిల్లు మీటరుమీద వచ్చును గాని మనిషిమీద రాదు గనుక, ముందున్నవారు బాకీ పెట్టిరేమో చూచియే దిగవలెను.

పట్నమున కుళాయినీటిని మంజీరా నీళ్లందురు, బావినీటిని బోరునీళ్లందురు. ఏవి వచ్చునో, ఏ వేళ వచ్చునో, వేసవిలో ట్యాంకరు తెప్పింతురో లేదో, దాని సొమ్ము ఎవరిదో ముందే అడుగుడు. 2021 జనవరిలో ఆరంభమైన పథకముచే హైదరాబాదున మీటరుగల గృహములకు నెలకు 20,000 లీటర్లవరకు నీరు ఉచితము. అట్లయినను నీటికని వేరుగ వసూలు చేయు యజమానులు కలరు. మోటారు కరెంటు కొరకో, ట్యాంకరు కొరకో అయి యుండవచ్చును. ఎందులకని మర్యాదగ అడుగుట తప్పు కాదు.

వంటగ్యాసు సిలిండరును సామానుతోపాటు బండిలో వేయుట ప్రమాదము, అనవసరము కూడ. ఒక ఊరినుండి దూరపు ఊరికి పోవునప్పుడు సిలిండరును, రెగ్యులేటరును పాత ఏజెన్సీలో అప్పగించినచో, మనము మొదట కట్టిన డిపాజిటు తిరిగియిచ్చి బదిలీకాగితము నిత్తురు. దానిని చూపి క్రొత్తచోట నేటి రేటు డిపాజిటు కట్టి కనెక్షను తీసికొనవచ్చును. ఒకే పట్టణములోనైనచో సిలిండరు అప్పగింపనక్కరలేదు, ఏజెన్సీ మార్చుకొన్న చాలును. మొదటి డిపాజిటు రసీదును మాత్రము పోగొట్టుకొనవలదు. మా యింట అది పాత పంచాంగములో దొరికినది. మా యింటి ఆమె భద్రము చేసినది, నేను కాదు.

ఇంత నేర్చుకొన్న పిదప 2024లో అదే బౌద్ధనగరులో రెండు వీధుల అవతలికి మారితిమి. ఈ సారి దళారి లేడు. పాలవాడు చెప్పిన యిల్లు. ఆషాఢము ప్రవేశించుటచే ఆ యిల్లు అడుగువారు లేక ఖాళీగ నుండెను. నేను అడుగగనే యజమాని అద్దెలో అయిదువందలు తగ్గించి, తాళములు ఇప్పుడే తీసికొనుడు, లెక్క ఆగస్టు మొదటి తేదీనుండి అనెను. ఆషాఢమునకు భయపడి 2019లో తొమ్మిదివేలు పోగొట్టుకొన్నవాడను, ఆ ఆషాఢముననే లాభపడితిని. జూలై 17, బుధవారము, తొలి ఏకాదశినాడు పాలు పొంగించితిమి. మా అక్కయ్యను పిలిచితిని. ఆమె వచ్చినది, పాలు పొంగువరకు మాటాడలేదు, పొంగిన పిదప చక్కెర అడిగినది. చిన్నసామానును పదిదినములు చేతులతో మోసికొంటిమి. పెద్దవానికి ట్రాలీ ఆటో రెండుసార్లకు 1,400, హమాలీలకు 1,600, ఫ్యానులు బిగించినవానికి 400. మొత్తము 3,400 రూపాయలు.

దూరము తక్కువ గదా, 25,800తో దీనిని పోల్చుట యేమి న్యాయమని మీరడుగవచ్చును. నిజమే. అయినను మొదటి లెక్కలో దళారి, ఖాళీ అద్దె, మంచము ఈ మూడును కలిసి 15,300 రూపాయలు. వానికి దూరముతో పని లేదు.

ఊరు విడిచి పిల్లలయొద్దకు పోదలచిన పెద్దలతో మరియొక మాట. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో ఢిల్లీనుండి దౌలతాబాదునకు రాజధానిని మార్చి, కొన్నేండ్లకు మరల ఢిల్లీకే తరలించెను. మనము ఆయనను చూచి నవ్వుదుము గాని, పట్నము పోయి, ఆ గాలి పడక, ఏడాదికే మరలివచ్చిన వృద్ధదంపతులను నేను పలువురిని ఎరుగుదును. పోవునప్పుడు ఆవును, మంచములను, గిన్నెలను అయినకాడికి అమ్మివేసిరి. వచ్చిన పిదప అవియే క్రొత్తధరకు కొనవలసివచ్చెను. మొదటి ఆరునెలలు రెండు సంచుల బట్టలతో పోయి యుండి చూడుడు. ఇంటిని ఖాళీ చేయవలదు. బియ్యముకొరకు కార్డు మార్చుకొనవలసిన తొందరయు లేదు. ఆ కార్డుతోనే పట్నమునందలి చౌకదుకాణమున బియ్యము తీసికొనవచ్చును. అక్కడనే స్థిరపడుదుమని తేలిన పిదప ఆధారులో చిరునామా, ఓటరు పట్టికలో 8వ నంబరు ఫారముతో ఓటు మార్చుకొనవచ్చును.

మంచము ఏమైనదని అడుగుదురేమో. 2024లో ఇల్లు మారునప్పుడు దాని స్తంభములు, పందిరి, పట్టెలు అన్నియు మూటగట్టి మా స్వగ్రామమునకు పంపితిని. 1,200 రూపాయలైనది. ఇప్పుడు అది మా తమ్ముని కుమారుని యింట, మా తాతగారు వేయించిన చోటనే యున్నది. దసరాకు పోయినప్పుడు నేను దానిమీదనే పరుండుచున్నాను.